తొంభై ఒక్క చక్రాల ఆర్గాన్

2023 జనవరి నెలాఖరు. తెనాలిలో కాలవ గట్టున ఉన్న నా రిపేరు షాపులో బల్ల మీద రెండు కీబోర్డులు, ఒక ఆంప్లిఫయరు విప్పి పడున్నాయి. పాట కచేరీల వాళ్ళు, భజన బృందాలు, చర్చి క్వయర్లు అందరికీ ఒకేసారి ప్రోగ్రాములు తగిలే రోజులవి. అందరికీ రేపటికే కావాలి. పాతికేళ్ళుగా నేను చేస్తున్నది ఈ పనే. అంతకుముందు ఇదే షాపులో మా నాన్న వాల్వు రేడియోలు బాగుచేసేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న వాల్వుల పని ఇక ఎవరికీ అక్కర్లేదనే అనుకుంటూ వచ్చాను.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచారు. షాపులోకి చెప్పులు విడిచి వచ్చేవాళ్ళు తక్కువ.

"కరీం గారంటే మీరేనాండి?"

"నేనేనండి. రండి, కూర్చోండి."

ఆయన పేరు ప్రభుదాసు. పంచాయతీ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. బాపట్లలో ఒక పాత లూథరన్ చర్చికి కమిటీ సెక్రటరీ. కూర్చోగానే విషయం చెప్పేశారు.

"మా చర్చిలో ఒక పాత ఆర్గాన్ ఉందండి. నేను పుట్టకముందో పుట్టాకో ఒక మిషనరీ డాక్టరు గారు ఓడ మీద తెప్పించారంట. అది కదలదు. దాన్ని వాయించే సుగుణమ్మ టీచర్ గారూ కదలరు. వచ్చే నెల తెనాలి, రేపల్లె, బాపట్ల క్వయర్లు కలిసి మూడు ఆదివారాలు మూడు ఊళ్ళలో పాడుతున్నాయి. అందుకని డిజిటల్ ఆర్గాన్ ఒకటి కొన్నాం. చంకన పెట్టుకుని బస్సెక్కొచ్చు. టీచరమ్మ ఒక్కసారి ముట్టుకుని, 'ఇది ఆలస్యంగా పలుకుతోంది' అని గుడ్డ కప్పేశారు. కొత్త మిషను ఆలస్యంగా పలకడమేంటండి?"

"నన్నేం చెయ్యమంటారు?"

"మీరొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది మంచిదో ఒక కాగితం మీద రాసివ్వండి. కొత్తదే అని మీరంటే పాతదాన్ని ఇచ్చేస్తాం. చెన్నైలో ఒకాయన అడుగుతున్నాడు, హాల్లో అలంకారానికి పెట్టుకుంటాడంట."

నిజం చెప్పాలంటే ఆ కాగితం మీద ఏం రాయాలో నాకు అప్పుడే తెలుసు. ప్రోగ్రాములకి తిరిగే మనిషి ఎవరైనా డిజిటలే కొనుక్కోవాలి. పదిహేను కిలోల లోపు బరువు, రెండు వైర్లు తగిలిస్తే చాలు, తుంపర్లు పడితే ఒక కవరు కప్పి పక్కకి తీసేయొచ్చు. పాత తరహా ఆర్గానులో చిప్పులుండవు. మోటారు తిప్పే ఇనప చక్రాలుంటాయి. వాటిని టోన్‌వీల్స్ అంటారు. అందుకే దానికి టోన్‌వీల్ ఆర్గాన్ అని పేరు. బరువు రెండు వందల కిలోల దాకా ఉంటుంది. ఎత్తాలంటే ఆరుగురు కావాలి. ఆ ఆర్గాన్ గురించి చదివానే గానీ అప్పటిదాకా చేత్తో ముట్టుకోలేదు. చూడొచ్చు కదా అన్న ఆశతోనే ఒప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత పొద్దున పాసింజరెక్కి బాపట్లలో దిగాను. చర్చిలో సుగుణమ్మ టీచర్ గారు అప్పటికే ఆర్గాన్ ముందు బల్ల మీద కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉన్నారు. గర్ల్స్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారట.

"ఏం బాబూ, తీర్పు చెప్పడానికొచ్చావా?" అన్నారు నవ్వుతూ.

"లేదండి. చూడ్డానికొచ్చాను."

"అయితే ముందు చూడు. వెనక చెక్క విప్పు. నేనేమీ అనుకోను."

విప్పాను. విప్పి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఒక పొడుగాటి ఇనప చట్రంలో, ఒకదాని పక్కన ఒకటి, అరచేతిలో ఇమిడేంత చక్రాలు తొంభై ఒకటి ఉన్నాయి. ఒక్కో చక్రం అంచున పళ్ళు. ఒక్కో చక్రం ఎదుట పెన్సిలంత అయస్కాంతం, దాని చుట్టూ తీగ చుట్ట. చక్రం తిరిగితే పళ్ళు అయస్కాంతం ముందు నుంచి దాటిపోతాయి. తీగలో కరెంటు వణుకుతుంది. ఆ వణుకే స్వరం. పళ్ళు తక్కువున్న చక్రం మంద్రం, ఎక్కువున్నది తారం. పైన ఒక తొట్టి, అందులో నూనె. తొట్టిలోంచి ఒక్కో చక్రానికి ఒక్కో నూలుపోగు దిగి ఉంది. ఆ పోగుల వెంట నూనె బొట్టు బొట్టుగా దిగి అరవై ఏళ్ళుగా వాటిని అరిగిపోకుండా కాపాడింది.

"ఏడాదికి ఒక్కసారి, రెండు చెంచాలు పోస్తాను," అన్నారు టీచర్ గారు. "ఆ డాక్టరు గారి భార్య నాకు వాయించడం కంటే ముందు నేర్పింది అదే. అప్పుడు నాకు పన్నెండేళ్ళు."

దాన్ని మొదలుపెట్టడం కూడా ఒక పద్ధతి. రెండు స్విచ్చులుంటాయి. మొదటిదాన్ని ఎనిమిది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలి. చక్రాలన్నీ కదిలి వేగం అందుకున్నాక రెండోది వెయ్యాలి. ఆ పైన వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది. చేతికి అందిన చెక్క మీదల్లా చెయ్యి వేసి చూశాను. పెట్టె మొత్తం సన్నగా అదురుతోంది.

నేనొచ్చిన పని గుర్తొచ్చింది. కొత్త డిజిటల్ ఆర్గానును దాని పక్కనే స్టాండు మీద పెట్టాను. రెండింటి శబ్దం ఒకే ఎత్తులో ఉండేలా సరిచేశాను. ఈ రెండింటికీ పైన డ్రాబార్లు అని లాగే పుల్లలు ఉంటాయి. స్వరంలో ఏ నాదం ఎంత పాళ్ళలో కలవాలో వాటితో నిర్ణయిస్తారు. వాటినీ ఒకేలా లాగాను. ప్రభుదాసు గారిని, పక్కనున్న కర్లపాలెం ఊరి నుంచి వచ్చి క్వయర్‌లో పాడే ఆడవాళ్ళు నలుగురిని, టీచర్ గారిని గోడ వైపు తిరిగి కూర్చోమన్నాను. నాకు పెద్దగా వాయించడం రాదు, పరీక్షకు సరిపడా నాలుగు ముక్కలు వచ్చు. ఒకే ముక్కని ఒకసారి పాతదాని మీద, ఇంకోసారి కొత్తదాని మీద మార్చి మార్చి పదిసార్లు వాయించి, ఏది ఏదో చెప్పమన్నాను.

ప్రభుదాసు గారు సగం తప్పు చెప్పారు. కర్లపాలెం ఆడవాళ్ళు కాస్త నయం. టీచర్ గారు పదికి పదీ చెప్పారు.

"ఎలా తెలిసిందండి?"

"కొత్తదాంట్లో నొక్కిన స్వరమే పలుకుతోంది. పాతదాంట్లో నొక్కనివి కూడా కాస్త కాస్త వినిపిస్తాయి. పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు."

ఆవిడ చెప్పింది నిజమే. చక్రాలన్నీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఒకదాని స్వరం పక్క తీగల్లోకి కొంచెం కారుతుంది. మా భాషలో లీకేజ్ అంటాం. తయారుచేసినవాళ్ళకి అది లోపం. వినేవాళ్ళకి అదే నచ్చింది కనుక ఇప్పటి డిజిటల్ వాళ్ళు ఆ లోపాన్ని కూడా నకలు చేసి లోపల పెట్టారు. నేను మెనూలోకి వెళ్ళి దాన్ని పెంచాను. మళ్ళీ పదిసార్లు వాయించాను. మళ్ళీ పదికి పది.

"ఇప్పుడు పక్కింటి మాటలు ఉన్నాయి బాబూ. కానీ ఎప్పుడు విన్నా అవే మాటలు."

పాతికేళ్ళలో ఎందరో వాద్యగాళ్ళని చూశాను. ఇలాంటి చెవిని చూడలేదు.

అప్పుడు ఆలస్యం సంగతి అడిగాను. లోపల్లోపల ఆ ఒక్క మాటా చాదస్తమే అనుకుంటున్నాను. ఆవిడ కొత్తదాని ముందు కూర్చుని రెండు వేళ్ళతో ఒక ముక్క వేగంగా వాయించి చూపించారు. "వేలు చేరాక పలుకుతోంది. చేరుతుండగా పలకాలి," అన్నారు. నేను లాప్‌టాప్ తీసి, వేలితో నొక్కే మెట్టు కింద తగిలే చప్పుడునీ స్వరాన్నీ విడివిడిగా రికార్డు చేసి, తెర మీద పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాంట్లో మెట్టు అడుగున తగలకముందే స్వరం మొదలవుతోంది. వేలు కాస్త దిగగానే లోపలి తీగలు ఒకదాని తర్వాత ఒకటి తాకుతాయి. కొత్తదాంట్లో మెట్టు పూర్తిగా అడుగు తాకాకే మొదలవుతోంది. తేడా సెకనులో వెయ్యో వంతుల లెక్క. తెర మీద గీతలు పెద్దవి చేసి చూస్తే తప్ప నాకు కనపడని తేడా ఆవిడకి వేలి చివర తెలిసిపోయింది.

"టీచర్ గారూ, మీరు చెప్పింది నిజం," అన్నాను. "నేను నమ్మలేదు. క్షమించండి."

"నేను లెక్కల టీచర్ని బాబూ. నిరూపించేదాకా నమ్మకపోవడం తప్పేం కాదు."

మందు కూడా ఆ మెనూలోనే దొరికింది. మెట్టు ఎంత దిగితే స్వరం మొదలవ్వాలి అన్నదాన్ని ట్రిగ్గర్ పాయింట్ అంటారు. మంచి డిజిటల్ ఆర్గాన్లలో దాన్ని పైకి జరుపుకోవచ్చు. జరిపాను. ఆవిడ మళ్ళీ వాయించారు. ముఖం విప్పారింది.

"ఇది మంచి మిషనే. దీన్ని తెనాలి తీసుకెళ్దాం, రేపల్లె తీసుకెళ్దాం. కానీ బాపట్లలో మన చర్చిలో మాత్రం నేను ఈ పెద్దదాన్నే వాయిస్తాను." తర్వాత గొంతు తగ్గించి నాతో అన్నారు. "మా క్వయర్‌లో సగం మందికి నొటేషన్ రాదు. పొద్దంతా పొలంలో వంగి వచ్చి ఈ పెట్టె పక్కన నిలబడి శ్రుతి పట్టుకుంటారు. వాళ్ళ చెవులు దీని మీద తయారయ్యాయి. దీన్ని అమ్మేస్తే వాళ్ళు పాడటం మానరు. కానీ ఏదో పోయిందని వాళ్ళకి తెలుస్తుంది. ఏం పోయిందో చెప్పుకోలేరు."

ఒకే ఒక్కసారి దాన్ని ప్రోగ్రాముకి తీసుకెళ్ళారట, ఆవిడ వయసులో ఉన్నప్పుడు. ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి కర్లపాలెం తోలారట. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చాక మూడు స్వరాలు మూగబోయాయి. ఎవరో రైల్వే మెకానిక్కు వచ్చి బాగుచేసేదాకా ఆరు నెలలు ఆ మూడు స్వరాలు తప్పించి వాయించారట. "జనానికి తెలీలేదు. నాకు మాత్రం పళ్ళు ఊడినట్టు ఉండేది," అన్నారు.

కాగితం రాసేముందు ప్రోగ్రాములు కూడా చూడాలని మూడు చోట్లకీ నేనూ వెళ్ళాను. ఫిబ్రవరిలో మొదటి ఆదివారం తెనాలి. డిజిటల్ని ప్రభుదాసు గారే ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చారు. పది నిమిషాల్లో సిద్ధం. టీచర్ గారు కొత్తదాని మీద ఏ తడబాటూ లేకుండా వాయించారు. రెండో ఆదివారం రేపల్లెలో బయట షామియానా కింద. సముద్రపు గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే టీచర్ గారు కాగితాలు మూసేసి గుర్తున్నంత మేరకు వాయించారు. అంటే మొత్తం వాయించారు. ఆ గాలిలో, ఆ ఎగుడుదిగుడు నేల మీద పాత ఆర్గానుని ఊహించుకుంటేనే నాకు భయం వేసింది. ఆ రాత్రే కాగితం రాసుకున్నాను. "అన్ని ప్రోగ్రాములకీ డిజిటల్ సరిపోతుంది. పాత ఆర్గాన్ ఇచ్చేయవచ్చు." మడిచి జేబులో పెట్టుకున్నాను. సంగీతం తెలిసిన మనిషి ఏ వాద్యం మీదైనా వాయిస్తుంది, ఇక పాతది దేనికి అన్నది నా లెక్క.

మూడో ఆదివారం బాపట్ల. మధ్యాహ్నం మూడింటికి మొదలు. చర్చి నిండిపోయింది. మూడు ఊళ్ళ క్వయర్లు కలిపి నూట యాభై మంది దాకా వేదిక మెట్ల మీద వరసలుగా నిలబడ్డారు. కొత్త ఆర్గాన్ సంచిలోనే పాస్టరు గారి గదిలో ఉంది. టీచర్ గారు చెప్పినట్టే పెద్దదాని ముందు కూర్చున్నారు. ఏదైనా తేడా వస్తే చూడ్డానికి నేను ఆర్గాన్ వెనక స్టూలు వేసుకున్నాను.

గంటన్నర సాఫీగా సాగింది. చివరి పాట ఆరు చరణాల పాత కీర్తన. రెండో చరణం మధ్యలో కరెంటు పోయింది.

మామూలు కీబోర్డు అయితే టక్కున ఆగిపోతుంది. టోన్‌వీల్ ఆర్గాన్ అలా ఆగదు. మోటారు ఆగినా చక్రాలు ఇంకాసేపు తిరుగుతాయి, వేగం తగ్గుతూ; ఆంప్లిఫయరులో మిగిలిన కరెంటుతో ఆ కాసేపూ పలుకుతాయి. అంటే శ్రుతి జారిపోతూ కిందికి, ఇంకా కిందికి వెళ్ళి మూలుగులా ఆగిపోతుంది. నూట యాభై మంది పాడుతుండగా వాళ్ళ కాళ్ళ కింద నేల జారినట్టు ఆ శ్రుతి జారిపోయింది. ఒక్క క్షణం గొంతులు చెదిరాయి. ముందు వరసలో ఎవరో ఆపేశారు.

టీచర్ గారు లేచి నిలబడ్డారు. కుడి చెయ్యి పైకెత్తి తాళం వేశారు. పెదాలతో మాటలు అందించారు. వెనక వరసలో ఉన్న కర్లపాలెం ఆడవాళ్ళు ముందుగా అందుకున్నారు. వాళ్ళ గొంతు పట్టుకుని మిగతావాళ్ళు వచ్చేశారు. ఫ్యాన్లు ఆగిన ఆ చర్చిలో వాద్యం లేకుండా, మైకు లేకుండా మూడో చరణం నడిచింది.

ఇంతలో బయట జనరేటరు దడదడమంది. ఫ్యాన్లు కదిలాయి. నేను ఆర్గాన్ మొదటి స్విచ్చు నొక్కి పట్టుకుని ఎనిమిది లెక్కపెట్టాను. రెండోది వేశాను. వాల్వులు వేడెక్కేసరికి నాలుగో చరణంలో సగం అయింది. టీచర్ గారు ఎడం చేత్తో తాళం వేస్తూనే కూర్చుని, కాలి కింది పెడలుతో శబ్దాన్ని దాదాపు సున్నాకి తగ్గించి, ఒక మెట్టు నొక్కి స్పీకరు వైపు చెవి వంచారు. తల అడ్డంగా ఊపారు. దాని కింది మెట్టు నొక్కారు. మళ్ళీ తల ఊపారు.

"ఈ మెట్టు మీద వాయిస్తే ఎక్కువ. కింది మెట్టు మీద వాయిస్తే తక్కువ," అన్నారు నా వైపు తిరక్కుండానే. "వాళ్ళు మధ్యలో ఉన్నారు బాబూ. మధ్య మెట్టు నాకు లేదు."

నాకు అర్థమైంది. ఆసరా లేకుండా పాడుతున్న మనుషుల శ్రుతి మెల్లగా దిగుతుంది, అది సహజం. ఆర్గాన్ శ్రుతేమో మోటారు వేగాన్ని బట్టి, మోటారు వేగం కరెంటు లయని బట్టి. మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్నే ఫ్రీక్వెన్సీ అంటారు. జనరేటరు ఇంజను జోరుగా తిరిగితే ఆ లెక్క పెరుగుతుంది, ఆర్గాన్ శ్రుతి పైకి పోతుంది. బల్బులు బాగా వెలగాలని అద్దె జనరేటర్ల వాళ్ళు ఇంజనుని కాస్త జోరుగానే వదులుతారు. ఇప్పుడు జరిగింది అదే.

"జనరేటరు రేజు తగ్గిస్తే, ఇంజను నెమ్మదిస్తే, ఇది దిగుతుందండి," అన్నాను. అన్నాక గానీ నేనేమన్నానో నాకే తెలియలేదు.

ఆవిడ ఒక్కసారి నా వైపు చూశారు. "అయితే తగ్గించు."

"ఎంత తగ్గించాలో నాకెలా తెలుస్తుందండీ? బయట ఇంజను చప్పుడులో నాకేం వినపడదు."

"ప్రభుదాసు గారూ!" అని పిలిచారు. ఆయన అప్పటికే పక్క గుమ్మం దగ్గర చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. "నా చెయ్యి చూస్తూ ఉండండి. నేను కిందికి అంటే కిందికి, పైకి అంటే పైకి. మీ చెయ్యి కరీం బాబుకి చూపించండి."

నేను పక్క గుమ్మంలోంచి పరిగెత్తాను. చర్చి వెనక జనరేటరు దగ్గర దాని మనిషి కోటయ్య గారు తువ్వాలు భుజాన వేసుకుని కూర్చుని ఉన్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద.

"బాబాయ్, రేజు మీట ఎక్కడ?"

"ఎందుకయ్యా, లైట్లు బాగానే వెలుగుతున్నాయిగా?"

"లైట్ల కోసం కాదు. పాట కోసం."

"పాటకీ నా ఇంజనుకీ సంబంధమేంటయ్యా?" అంటూనే చూపించారు. ఇంజను పక్కన గవర్నరు అనే భాగం ఉంటుంది, డీజిలు ఎంత పోవాలో అదే చూసుకుంటుంది. దానికి ఒక చిన్న మీట, మీటకి ఒక నట్టు. నట్టు వదులు చేసి మీట చేతిలోకి తీసుకున్నాను. వేడిగా ఉంది. కోటయ్య గారు తువ్వాలు తీసి దాని మీద వేశారు.

గుమ్మంలో ప్రభుదాసు గారి అరచెయ్యి కనిపిస్తోంది. కిందికి అంటోంది. వెంట్రుకవాసి తగ్గించాను. ఇంకా కిందికి. ఇంకాస్త. ఇంజను దడ మారింది. చెయ్యి హఠాత్తుగా పైకి లేచింది. ఎక్కువ తగ్గించేశాను. తిరిగి కొంచెం ఎక్కించాను. చెయ్యి ఊగింది, ఊగింది, బల్లపరుపుగా నిలిచిపోయింది.

అప్పుడు లోపల్నుంచి ఆర్గాన్ వచ్చింది.

ఐదో చరణం చివర్లో ఆవిడ కాలు మెల్లగా నొక్కుతూ శబ్దాన్ని పెంచారట. నేను చూడలేదు. నాకు వినిపించింది మాత్రం చెబుతాను. ఇంజను హోరులోంచే వినిపించింది. నూట యాభై గొంతుల కిందికి ఆ మంద్రం వచ్చి చేరింది. ఎక్కడ చేరిందో తెలీలేదు, అతుకు కనపడలేదు. లోపల జనం ఊపిరి పీల్చుకున్నట్టు పాట ఒక్కసారి పెద్దదైంది. ఆరో చరణం మొత్తం నేను మీట వదల్లేదు. ఇంజను నిలకడగా ఉండదు, ఊగుతూ ఉంటుంది. ప్రతి ఊపుకీ, ఒక చేత్తో వాయిస్తూనే ఉన్న ఆవిడ రెండో చెయ్యి కదిలేది, ప్రభుదాసు గారి చెయ్యి కదిలేది, నా చెయ్యి కదిలేది. చర్చిలో ఆవిడ విన్నదాన్ని నేను చర్చి బయట చేత్తో పట్టుకుని ఉన్నాను. నేను చేసిన ఏ రిపేరులోనూ నా చెయ్యి అంత దూరం చేరలేదు.

పాట ఆగింది. కోటయ్య గారు నా భుజం పట్టుకుని చెవిలో అరిచారు.

"అయితే మనం కూడా పాడినట్టేనా?"

"పాడినట్టే బాబాయ్."

లోపలికి వెళ్ళేసరికి టీచర్ గారు ఆర్గాన్ మెట్ల మీద గుడ్డ పరుస్తున్నారు. "నాకు మధ్య మెట్టు దొరికింది," అన్నారు అంతే. ప్రభుదాసు గారు తన అరచేతిని తనే చూసుకుంటూ బెంచీ మీద కూర్చుండిపోయారు. ఆ వారం చెన్నై ఆయన ఫోన్ చేస్తే, "అమ్మట్లేదండి, పనిలో ఉంది" అని చెప్పింది ఆయనే.

కమిటీకి నేను కొత్త కాగితం రాసిచ్చాను. భావావేశంతో రాయలేదు, పనివాడిగా రాశాను. ఊళ్ళు తిరగడానికి డిజిటలే సరైనది, టోన్‌వీల్ని గుమ్మం దాటించొద్దు. ఆ రోజు వచ్చిన చిక్కు డిజిటల్‌కి రాదు, ఎందుకంటే దాని శ్రుతి కరెంటు లయ మీద ఆధారపడదు. జనం శ్రుతి దిగిపోయినా మెనూలో నిదానంగా సరిచేసుకోవచ్చు. పాతదానికి మాత్రం లయ తప్పని మంచి ఇన్వర్టరు ఒకటి విడిగా పెట్టించండి, ఇక ఎప్పుడూ ఇంజను దగ్గరికి మనిషి పరిగెత్తక్కర్లేదు. వాళ్ళు ఆ ఎండాకాలంలోపే పెట్టించారు. ఇప్పుడు టీచర్ గారి దగ్గర ఇద్దరు అమ్మాయిలు రెండు ఆర్గాన్లూ నేర్చుకుంటున్నారు. నూనె పొయ్యడం ముందు నేర్పుతున్నారని విన్నాను.

ఆ పని నాకు నేర్పింది ఇది. నేను రెండు మిషన్లని పోల్చడానికి వెళ్ళాను. బరువు, తీరు, ఖచ్చితత్వం అన్నీ కొలిచాను, కొలతల్లో తప్పేమీ లేదు. కానీ వాయించే మనిషికి వినపడేదాన్ని, నా పరికరంలో కనపడేదాకా లేనిదానిగా లెక్కేశాను. ఆవిడ 'ఆలస్యంగా పలుకుతోంది' అన్నప్పుడు అది ఫిర్యాదు కాదు, కొలత. నాకు లాప్‌టాప్ కావలసి వచ్చిన కొలత.

మొన్న అంగలకుదురు నుంచి ఒకామె భజన బృందం కీబోర్డు తెచ్చింది. "ఏం పాడవలేదండి, ఒక స్వరం మాత్రం అలిగినట్టు పలుకుతోంది," అంది. పరీక్షించాను, అన్నీ సరిగ్గానే చూపించాయి. ఒకప్పుడైతే ఏమీ లేదమ్మా అని సంచిలో పెట్టి ఇచ్చేసేవాణ్ణి. లేచి ఫ్యాను ఆపేశాను. షట్టరు సగం దించాను.

"వాయించమ్మా," అన్నాను. "ఎక్కడ అలిగిందో నువ్వు చెప్పు, నేను వింటాను."